మూడు గీతలు, ఒక్కటే గొయ్యి

ఉదయం ఏడూ నలభైకి వంతెన రోడ్డు పక్కనున్న కేబుల్ చాంబర్‌లోకి దిగిన ముసలి లైన్‌మన్ మళ్ళీ పైకి రాలేదు.

ఎనిమిదిన్నరకి రోడ్డు ఊడ్చేవాళ్ళు తెరిచి ఉన్న మూతను చూసి, ఎవడి నిర్వాకమిదని తిట్టుకుంటూ లోపలికి తొంగిచూశారు. నిచ్చెన మొదట్లో గోడకి జారగిలబడి కూర్చుని ఉన్నాడాయన. చేతిలో టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. చెవి కింద, మెడ మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊరి నేల కింద ఏ కేబుల్ ఎటు పోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగిన మనిషిని ఒక్క సూదితో తీసేశారు.

చనిపోయే ముందు, ఆరింటికి, ఆయన ఒక ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ఎత్తినవాడు రహస్య విభాగంలో పనిచేసే ఏజెంటు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎవరూ రెండోసారి చూడని ముఖం. అందుకే విభాగంలో అందరూ అతన్ని గుమస్తా అంటారు.

“మీ మ్యాపులో తప్పుంది బాబూ,” అన్నాడు లైన్‌మన్. “ఫోన్లో చెప్పేది కాదు. ఇంకోసారి దిగి చూసుకుని తొమ్మిదింటికి మీ ఆఫీసుకొస్తా.”

గుమస్తా అప్పుడు గడ్డం గీసుకుంటున్నాడు. సరే రండి అన్నాడు. ఇప్పుడే చెప్పు పెద్దాయనా అని ఒక్క మాట అడిగి ఉంటే? ఆ రోజంతా ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు.

తొమ్మిదింపావుకి అతను పెద్దమ్మ ముందు నిలబడ్డాడు. పెద్దమ్మ అంటే విభాగం అధిపతి. అరవై దాటిన మనిషి. ఎదురుగా ఎవరూ అలా పిలవరు గానీ, ఆవిడకి ఆ సంగతి తెలుసు.

“విచారణ పదకొండింటికి,” అంది ఆవిడ. “వాయిదా వేయమని అడిగాను. కుదరదన్నారు. విచారణ సంఘం గడువు ఇవాళ్టితో సరి. ఇవాళ కెమిస్టు నోరు విప్పకపోతే ఇక ఎప్పుడు విప్పినా దండగే.”

కెమిస్టు అంటే సాక్షి. ఒక విదేశీ ముఠాకి ఏడేళ్ళు విషాలు తయారుచేసి ఇచ్చినవాడు. లైన్‌మన్ మెడలో దిగింది కూడా బహుశా వాడి చేతి సరుకే. మనసు మారిందో, ప్రాణభయం పట్టుకుందో, మూడు నెలల కిందట వచ్చి లొంగిపోయాడు. ఇప్పుడు ఎక్కడో ఒక ఇంట్లో కెమెరా ముందు కూర్చుని, ముగ్గురు న్యాయమూర్తులు చూస్తుండగా ముఠా పేర్లన్నీ చెప్పాలి.

“ఇల్లెక్కడో నాకూ తెలీదు. ఇవాళ పొద్దున నీ చెల్లెలే ఎంచుకుంది,” అంది పెద్దమ్మ.

గుమస్తాకి ఉన్నదల్లా ఆ ఒక్క చెల్లెలే. అన్నని చూసి తనూ ఇదే ఉద్యోగంలో చేరింది. ఆ ఇంట్లో సాక్షికి కాపలా ఆమే, కారు నడిపేదీ ఆమే.

“రూలు ఒకసారి చెప్పు.”

“వీడియో తెగి తొంభై సెకన్లలో తిరిగి రాకపోతే, ఇల్లు శత్రువులకి తెలిసిపోయిందనే లెక్క. సాక్షిని కార్లో ఎక్కించుకుని బయటపడాలి. ఫోన్లుండవు. ఆగమనిగానీ రమ్మనిగానీ ఏ గొంతు చెప్పినా నమ్మకూడదు. గొంతులు ఎవరైనా తయారుచేస్తారు.”

“ఎవరు రాశారీ రూలు?”

“నేనే.”

“మ్యాపు మీద సంతకం?”

“అదీ నాదే మేడమ్.”

“అయితే వెళ్ళి చూడు. లైన్‌మన్ చాంబర్‌లోకి దిగుతున్నట్టు వాళ్ళకి ఎవరో చెప్పారు. ఆ ఎవరో మన వీడియో నడిపే కంట్రోల్ రూమ్‌లో ఉన్నారు.”

ఇక్కడ ఆ మ్యాపు సంగతి చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. ఇంటి సామానంతా ఒకే లారీలో వేసి పంపితే, ఆ లారీ బోల్తా పడితే అన్నీ పోతాయి. మూడు లారీల్లో మూడు రోడ్ల మీద పంపితే ఏ రెండో ఆగిపోయినా మూడోది చేరుతుంది. కెమిస్టు వీడియోని కూడా అలాగే ముక్కలు చేసి మూడు దారుల్లో పంపుతున్నారు. మల్టీపాత్ అంటారు దాన్ని. ఏ దారి ఇరుకైతే ఏ దారికి మళ్ళించాలో పైనుంచి ఒక సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. దాని పేరు కంట్రోలర్. దారి మళ్ళించే పెట్టెలు వీధివీధినా ఉంటాయి, స్విచ్‌లంటారు వాటిని; ఊళ్ళోని ప్రతి స్విచ్చీ దాని మాటే వింటుంది. ముఠా ఒక తీగ తెంపితే తెంపనీ, ఇంకా రెండున్నాయన్నది విభాగం ధీమా.

పదిన్నరకి కంట్రోల్ రూమ్‌కి ఒక ఏసీ మెకానిక్ వచ్చాడు. నీలం యూనిఫాం, మాసిన టోపీ, భుజాన పనిముట్ల పెట్టె. గేటు దగ్గర వాచ్‌మన్ అతని ముఖం కూడా చూడలేదు.

గది నిండా చలి. గోడంత స్క్రీను మీద ఊరి మ్యాపు, దాని మీద ఆకుపచ్చ, నీలం, పసుపు రంగుల్లో మూడు గీతలు మెరుస్తున్నాయి. షిఫ్ట్ ఇన్‌ఛార్జి బల్ల దగ్గర కూర్చుని బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. ఇద్దరు ఇంజనీర్లు తలెత్తకుండా పని చేసుకుంటున్నారు. కిటికీ పక్కన, ఈ గదికి ఏ మాత్రం సంబంధం లేనట్టుగా, ముదురాకుపచ్చ సిల్కు దుస్తుల్లో ఒకావిడ. సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన కన్సల్టెంటు. ఆవిడ నడిస్తే గదిలో పని ఆగిపోతుందని, అందుకే దొరసాని అని పేరు పెట్టామని ఇంజనీర్లే చెప్పుకుంటారు.

దొరసానికి ఇంకో ఉద్యోగం కూడా ఉంది. రెండేళ్ళుగా ముఠా మనిషిగా నటిస్తూ పెద్దమ్మకి కబుర్లు చేరవేస్తోంది. నటన ఎటువైపో పెద్దమ్మకే అనుమానం.

మెకానిక్ ఆవిడ తల మీదున్న ఏసీ మూత విప్పుతూ గొణిగాడు. “ఈ గదిలో చలెక్కువా, ఉక్కెక్కువా?”

“ఉక్కే. కిటికీలు ఎప్పుడో మూసేశారు,” అంది ఆవిడ, స్క్రీను మీంచి చూపు తిప్పకుండా. కోడ్ సరిపోయింది. “మీవాళ్ళు గుమస్తాని పంపారంటే పరిస్థితి బాగాలేదన్నమాట.”

“పొద్దున ఒక ముసలాయన పోయాడు.”

ఆవిడ వేళ్ళు కీబోర్డు మీద ఒక్క క్షణం ఆగాయి. “ఎవరు?”

“లైన్‌మన్.”

“అయ్యో,” అంది. నిజంగానే అన్నట్టు వినిపించింది. నిజంగా అన్నట్టు వినిపించడం ఆవిడ వృత్తి మరి.

సరిగ్గా పదకొండింటికి వీడియో మొదలైంది. పక్క స్క్రీను మీద కెమిస్టు బట్టతల, వణికే పెదాలు, వెనక ఖాళీ తెల్లగోడ. ప్రమాణం చేశాడు. చెమట చుక్కలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది బొమ్మ.

పదకొండూ ఇరవైకి ఆకుపచ్చ గీత ఎర్రబడింది.

వీడియో కాస్త తొణికి, వెంటనే సర్దుకుంది. ముక్కలన్నీ నీలం, పసుపు దారుల్లోకి మళ్ళాయి. “చూశారా!” అని ఇన్‌ఛార్జి బల్ల చరిచాడు. “మల్టీపాత్ అంటే ఇదీ! తెంపుకోమనండి!”

పదకొండూ ఇరవయ్యారుకి నీలం పోయింది. ఈసారి ఇన్‌ఛార్జి బల్ల చరవలేదు.

గుమస్తా ఏసీ సంగతి వదిలేసి వెనక గదిలోకి పోయాడు. కేబుళ్ళన్నీ గోడలోంచి లోపలికొచ్చేది అక్కడే. జేబులోని రెండు పెన్నుల్లో ఒకటి రాయదు. దాని కొనని తీగకి తగిలిస్తే లోపలికి వెలుతురు పంపి, అది ఎంత దూరంలో తెగిందో చెబుతుంది. ఆకుపచ్చకి పెట్టాడు. నాలుగు కిలోమీటర్ల నూట పది మీటర్లు. నీలానికి పెట్టాడు. నాలుగు కిలోమీటర్ల నూట పది మీటర్లు.

మళ్ళీ పెట్టి చూశాడు. అదే అంకె.

రెండు వేర్వేరు దారులు ఒకే చోట ఎలా తెగుతాయి? ఊరి పటం తీసి దూరం కొలిచాడు. వంతెన రోడ్డు. పొద్దున లైన్‌మన్ కూర్చుండిపోయిన చాంబర్.

అప్పుడు అర్థమైంది అతనికి. ఆకుపచ్చ ఒక కంపెనీది, నీలం ఇంకో కంపెనీది, పసుపు మూడోవాళ్ళది. మూడు పేర్లు, మూడు రంగులు, కాబట్టి మూడు దారులనుకున్నాడు. ఆ కంపెనీలు ఎప్పుడో వంతెన కట్టేటప్పుడు ఒక్కటే గొయ్యి తవ్వుకుని మూడు కేబుళ్ళూ అందులోనే పడేశాయి. కంట్రోలర్‌కి కంపెనీల పేర్లు తెలుసుగానీ నేల కింద గొయ్యి తెలీదు. నేల తెలిసిన మనిషిని చంపేశారు. కాగితం చూసి మురిసిపోయి సంతకం పెట్టిన మేధావి మాత్రం ఇదిగో, టోపీ పెట్టుకుని బతికే ఉన్నాడు.

పసుపు కూడా ఆ గోతిలోనే ఉంది.

పెద్దమ్మకి ఫోన్ చేశాడు. “వంతెన చాంబర్. పొద్దున శవాన్ని తీశాక అక్కడ ఎవర్నీ ఉంచలేదు. వెంటనే మనుషుల్ని పంపండి.”

“పావుగంట పడుతుంది.”

“అంతసేపు లేదు మేడమ్.”

మరి వాళ్ళు మూడూ ఒకేసారి ఎందుకు తెంపలేదు? ఆ చాంబర్‌లో రెండొందల కేబుళ్ళుంటాయి. ఏది ఏదో చూపించేవాళ్ళుండాలి. ఇక్కణ్ణుంచి ఎవరో ఒక్కొక్క తీగలోకీ టెస్ట్ సిగ్నల్ పంపిస్తుంటే, అక్కడ దాన్ని పట్టుకుని తెంపుతున్నారు. అతను కంట్రోల్ రూమ్‌లోకొచ్చి దొరసాని భుజం మీంచి స్క్రీను చూశాడు. పసుపు లైన్ మీద టెస్ట్ సిగ్నల్ నడుస్తోంది.

“ఆపు,” అన్నాడు మెల్లగా. తీసి పట్టుకున్న టోపీ కింద, చేతిలో పిస్తోలు ఉంది.

ఆవిడ ఆపింది. “ఆలస్యమైంది. కేబుల్ దొరికే ఉంటుంది వాళ్ళకి.” గొంతులో తొట్రుపాటు లేదు. “ఎందుకంత కంగారు? సాక్ష్యం ఆగిపోతుంది, అంతే. ఎవరికీ ఏమీ కాదన్నారు.”

“ఇల్లెక్కడో చెప్పావా?”

“ఇల్లు నాకేం తెలుసు? వీడియో ఏ వీధి స్విచ్‌లోంచి వస్తోందో చూసి, ఆ వీధి చెప్పాను. అక్కడ రెండొందల ఫ్లాట్లున్నాయి. ఏ తలుపో వాళ్ళకి ఎలా తెలుస్తుంది?”

“వీడియో తెగిన తొంభై సెకన్లకి ఒక్క తలుపు తెరుచుకుంటుంది. ఒక్క కారు బయటికొస్తుంది. అది చాలు వాళ్ళకి.”

దొరసాని ముఖంలో మొదటిసారి రంగు మారింది.

“లైన్‌మన్ గురించి చెప్పినప్పుడు కూడా ఏమీ చేయమనే అన్నారు కదూ?” అడిగాడు అతను.

“మ్యాపు ప్రింటు కావాలని నిన్న ఇక్కడికి ఫోన్ చేశాడు. చాంబర్లోకి దిగుతాడని చెప్పాను. అంతే చెప్పాను.” ఆవిడ అతని వైపు తిరిగింది. “కార్లో ఎవరు?”

“నా చెల్లెలు.”

పసుపు గీత ఎర్రబడింది.

కెమిస్టు ముఖం నోరు తెరిచినట్టే తెరిచి స్క్రీను మీద గడ్డకట్టింది. మూలన అంకెలు పరుగెత్తడం మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఇన్‌ఛార్జి లేచి నిలబడ్డాడు. ఇంజనీర్లు ఇద్దరూ ఒకేసారి అరుస్తున్నారు. ఇక దారి లేదు.

ఎక్కడో ఒక గదిలో ఒక పెట్టె మీద ఎర్రదీపం వెలిగి ఉంటుంది. కెమిస్టు జబ్బ పట్టుకుని చెల్లెలు లేపుతూ ఉంటుంది. ఆమె రూలు తప్పదు. రూలు తప్పొద్దని వందసార్లు చెప్పింది అన్నే. గుమస్తా దొరసాని కుర్చీని తనవైపు తిప్పాడు.

“ఇంకో దారి చెప్పు. ఏదైనా సరే!”

“లేదు.” ఆవిడ కళ్ళు మ్యాపు మీద పరిగెడుతున్నాయి. పద్నాలుగు. పదిహేను. “ఒకటుంది. కంట్రోల్ లైన్.”

“ఏయ్!” అన్నాడు ఇన్‌ఛార్జి. “పిచ్చా నీకు?”

స్విచ్‌లకి కంట్రోలర్ ఆజ్ఞలు పంపే లైన్ అది. నేలలో కాదు, మేడల మీది యాంటెన్నాల మీదుగా గాలిలో పోతుంది. సన్నటి లైన్. దాని మీద ఆజ్ఞలు తప్ప ఇంకేదీ పంపకూడదన్నది ఆ పనిలో చేరినవాళ్ళకి మొదటిరోజే నేర్పే పాఠం.

“అది మూసుకుపోతే ఊళ్ళో ప్రతి స్విచ్చీ అనాథే!” ఇన్‌ఛార్జికి ఆయాసం వస్తోంది. “ఆస్పత్రులు, అంబులెన్సులు, అన్నీ దాని మీదే! నేనొప్పుకోను. నా తాళం లేకుండా కుదరదు.”

ముప్ఫై.

“వీడియో మొత్తం కాదు,” అంది దొరసాని. చేతులు అప్పటికే టైప్ చేస్తున్నాయి. “బొమ్మ పొరలు పొరలుగా వస్తుంది. అడుగు పొరలో కళ్ళూ ముక్కూ నోరూ ఉంటాయి, మిగతావన్నీ సోకులు. ఆ సోకులన్నీ వీధి స్విచ్ దగ్గరే పారేయమంటాను. సెకనుకి రెండొందల నలభై కిలోబిట్లు. మూడొందలు దాటితే ఊరు పోతుంది.”

“దాటితే?”

“దాటదు. ఈ పొరలు పేర్చింది నేనే.”

గుమస్తా విభాగం కార్డు తీసి ఇన్‌ఛార్జి ముందు పెట్టాడు. పిస్తోలు కూడా పక్కనే పెట్టాడు, గురిపెట్టకుండా. “సార్, ఇంకో నలభై సెకన్లలో నా చెల్లెలు చచ్చిపోతుంది. మీ తాళం తిప్పండి. తర్వాత నన్ను ఉరి తీయించండి.”

ఇన్‌ఛార్జి పిస్తోలుని చూడలేదు. అతని ముఖంలోకే చూశాడు. ఏం కనిపించిందోగానీ మెడలోని తాళం తీశాడు. తాళం జారి కింద పడింది. వంగి తీసుకుని, బల్ల మీది కన్నంలో పెట్టి తిప్పాడు. అరవై ఎనిమిది.

“నా మీటతో తెరిస్తే రికార్డులో నా పేరు పడుతుంది,” అంది దొరసాని. “తెరిచింది నేనేనని వాళ్ళకి తెలిసిపోతుంది.”

“తెలుసు.”

ఆవిడ అతని వంక చూసి, తల తిప్పుకుని, మీట నొక్కింది. డెబ్బై తొమ్మిది. వీధి స్విచ్ జవాబివ్వలేదు. ఎనభై ఒకటి. మళ్ళీ నొక్కింది. ఎనభై మూడు. ఎనభై ఆరు.

స్క్రీను మీద గడ్డకట్టిన ముఖం పగిలి గళ్ళు గళ్ళుగా కదిలింది. రెండు నల్లటి మరకలు కళ్ళు, ఇంకోటి నోరు. కెమిస్టు ఏదో చెప్పబోతూ వెనక్కి తిరిగి ఎవర్నో చూస్తున్నాడు. కుర్చీ ఖాళీ అయ్యేలా ఉంది. మళ్ళీ కూలబడింది ఆ గళ్ళ ఆకారం. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి వాడి ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. వేళ్ళు కూడా విడివిడిగా తెలియడం లేదు. అయినా ఆ చెయ్యి ఎవరిదో గుమస్తాకి ఎవరూ చెప్పక్కర్లేదు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

“రెండొందల ముప్ఫై ఎనిమిది,” అని చదివాడు ఇన్‌ఛార్జి. ఊరు ఊరులాగే ఉంది.

వీధి పేరు పెద్దమ్మకి చేరింది. గళ్ళ ముఖంతోనే కెమిస్టు పదకొండు నిమిషాలు మాట్లాడి పేర్లన్నీ చెప్పేశాడు. ఆఖరి పేరు చెప్పేసరికి, ఆ వీధిలో మీటర్లు చూసేవాడి వేషంలో ఉన్నవాణ్ణి సంచిలోని తుపాకితో సహా పట్టుకున్నారు. వంతెన కింద ఇద్దరు దొరికారు.

బేడీలు వేయడానికి మనుషులొచ్చేసరికి దొరసాని అద్దం తీసి పెదాలకి రంగు వేసుకుంటోంది.

“రిపోర్టులో నన్ను ఏ వైపు రాస్తావు?” అని అడిగింది.

“తెలీదు.”

“నాకూ తెలీదు,” అని నవ్వింది. “రెండేళ్ళు ఇద్దరికీ సమానంగా అబద్ధాలు చెప్పాను. ఒక్క ముసలాయన గురించి మాత్రం వాళ్ళకి నిజం చెప్పాను. చూడు ఏమైందో.”

మూడింటికి ఆవిణ్ణి తీసుకెళ్తున్న వ్యాను జైలు గేటు ముందు ఆగింది. తలుపు తీస్తే ఆవిడ కిటికీకి తల ఆనించి కూర్చుని ఉంది. చెవి కింద ఎర్రటి చుక్క. ఇద్దరు కాపలావాళ్ళలో ఒకడు అప్పటికే లేడు.

ఆ వార్త గుమస్తాకి చేరింది. ఆవిడ వల్లే లైన్‌మన్ పోయాడు. ఆవిడ వల్లే చెల్లెలు మిగిలింది. ఏడవాలో వద్దో తెలియని చావు అది.

నాలుగున్నరకి చెల్లెలు విభాగానికి వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది. వస్తూనే అన్న భుజం మీద గట్టిగా గుద్దింది.

“ఎనభై ఆరు దాకా లెక్కపెట్టాను అన్నయ్యా! గొళ్ళెం ముందే తీసేశాను. వాడి కాలర్ నా చేతిలోనే ఉంది. ఇంకో నాలుగు సెకన్లయితే మెట్ల మీదుండేవాళ్ళం.”

“ఆగినందుకు థాంక్స్.”

“నేనెక్కడాగాను? పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. ఏడుపొచ్చి, ఏం చేయాలో తోచక వాడికి మంచినీళ్ళిచ్చాను.” అతని ముఖం చూసి గొంతు తగ్గించింది. “లైన్‌మన్ గారింటికి నువ్వెళ్తావా, నన్ను రమ్మంటావా?”

“ఇద్దరం వెళ్దాం.”

పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఒక కాగితం. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలీదు.

“వెళ్ళే ముందు ఇదొకటి చూడు. విచారణ సంఘం ఆఫీసునుంచి వచ్చింది. ఫిర్యాదు.”

“దేని గురించి మేడమ్?”

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చదివింది. “‘సాక్ష్యం జరుగుతుండగా పదకొండు నిమిషాలపాటు బొమ్మ నాణ్యత ఏమాత్రం బాగాలేదు. గౌరవ సభ్యులకు కంటికి ఇబ్బంది కలిగింది. బాధ్యులెవరో తెలిపి, సాయంత్రంలోగా వివరణ పంపగలరు.’”

గుమస్తా కాగితం అందుకుని, బాధ్యులు అన్న చోట తన పేరు రాసి సంతకం పెట్టాడు. వివరణ కోసం అరపేజీ ఖాళీ వదిలారు. ముసలాయన టార్చి గురించి రాయాలా, ఆకుపచ్చ సిల్కు గురించి రాయాలా అని కాసేపు ఆలోచించాడు. చివరికి ఒక్క ముక్క రాసి పెన్ను మూసేశాడు.

‘అంతరాయానికి చింతిస్తున్నాము.’